ఉష్ణసహ మిశ్రలోహాలు: గ్యాస్ టర్బైన్ బ్లేడు

గ్యాస్ టర్బైన్ ఇంజను సూత్రం చెప్పుకోవడానికి సులువే. ముందున్న కంప్రెసర్ గాలిని లాగి అదిమిపెడుతుంది. ఆ గాలిలో ఇంధనం మండుతుంది. మండిన వాయువు ఉరవడిగా వెనక్కి పోతూ టర్బైన్ బ్లేడ్లను తిప్పుతుంది. టర్బైన్ తన ఇరుసుకే తగిలించి ఉన్న కంప్రెసర్‌ను తిప్పుతుంది. టర్బైన్‌లోకి వచ్చే వాయువు ఎంత వేడిగా ఉంటే అంతే బరువున్న ఇంజను నుంచి అంత ఎక్కువ శక్తి రాబట్టవచ్చు. ఈ ఒక్క సంబంధం ఎనభై ఏళ్లుగా లోహశాస్త్రాన్ని ముందుకు తరుముతోంది. నేటి పెద్ద విమాన ఇంజన్లలో టర్బైన్ ముఖం దగ్గర వాయువు వేడి 1,600 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. నికెల్ 1,455 డిగ్రీలకే కరిగిపోతుంది. నికెల్‌తో చేసిన బ్లేడు లోహాలు ఇంకా ముందే, 1,300 దాటగానే, మెత్తబడి కరగడం మొదలెడతాయి. తాను కరిగే వేడిని మించిన వేడిలో, నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరుగుతూ, టన్నుల బరువుతో సమానమైన అపకేంద్ర బలం మొదలంటా లాగుతుంటే, అరచేతిలో ఇమిడే ఆ లోహపు రెక్క వేల గంటలపాటు తన ఆకారం తప్పకుండా ఉండాలి.

ఇంత భారం మోసే లోహంలో ఏమేమి ఉన్నాయన్నది రహస్యం కాదు. బ్లేడ్లకు విరివిగా వాడే సీఎంఎస్ఎక్స్-4 కూర్పు పాఠ్యపుస్తకాల్లోనే దొరుకుతుంది: బరువులో సుమారు 9 శాతం కోబాల్ట్, 6.5 శాతం చొప్పున క్రోమియం, టాంటలం, 6 శాతం టంగ్‌స్టన్, 5.6 శాతం అల్యూమినియం, 3 శాతం రీనియం, 1 శాతం టైటానియం, అతి కొద్దిగా మాలిబ్డినం, హాఫ్నియం, మిగతాదంతా నికెల్. ఈ జాబితా అచ్చయి దశాబ్దాలైంది. అయినా దీనితో ఇంజనులో బిగించదగ్గ బ్లేడు పోయగల దేశాలు ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఉష్ణసహ మిశ్రలోహాల చరిత్రను ఒక్కో మూలకాన్నీ చేర్చుకుంటూ పోయిన చరిత్రగా చెప్పడం రివాజు. ఆ చెప్పడంలో సగమే నిజముందని ఈ వ్యాసం వాదిస్తుంది. పెద్ద ముందడుగులన్నీ లోహాన్ని కరిగించే, శుద్ధిచేసే, పోసే, గడ్డకట్టించే తీరు మారినప్పుడు పడ్డాయి. కూర్పులో వచ్చిన మార్పుల్లో చాలావాటికి ఆ తీరు మారాకే అర్థం ఏర్పడింది.

ముందు లోహానికి వచ్చే కష్టం ఏమిటో చూడాలి. మామూలు వేడిలో ఉక్కు కడ్డీకి అది మోయగల బరువు తగిలిస్తే పిసరంత సాగి ఆగిపోతుంది. కరిగే వేడిలో సగాన్ని (కెల్విన్ మానంలో) మించిన వేడికి తీసుకుపోతే అదే బరువు కింద అది ఆగదు. కంటికి తెలియనంత నిదానంగా సాగుతూనే ఉండి చివరికి తెగుతుంది. దీన్ని క్రీప్ అంటారు. వేడెక్కిన లోహంలో పరమాణువులు ఒక చోటి నుంచి మరో చోటికి వలసపోగలగడం దీనికి మూలం. మామూలు లోహపు ముక్క లెక్కలేనన్ని చిన్న స్ఫటిక రేణువుల కూడిక. రేణువుకూ రేణువుకూ మధ్య ఉన్న సరిహద్దుల్లో పరమాణువుల అమరిక సడలి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఈ సరిహద్దులే లోహానికి బలం, ఎందుకంటే జారుడుకు అవి అడ్డుపడతాయి. బాగా వేడెక్కాక ఇవే బలహీనత: రేణువులు వాటి వెంట జారతాయి, లాగుడుకు అడ్డంగా ఉన్న సరిహద్దుల్లో సూక్ష్మమైన ఖాళీలు పుట్టి, ఒకదానితో ఒకటి కలిసి పగుళ్లవుతాయి. క్రీప్‌కు తోడు ఆక్సీకరణ ఉంది. ఇంజను ఆడిన ప్రతిసారీ వేడెక్కి, ఆపిన ప్రతిసారీ చల్లబడటం వల్ల వచ్చే ఉష్ణ అలసట ఉంది. అయితే తొలి నుంచీ రూపకర్తల నిద్ర చెడగొట్టింది మాత్రం క్రీపే.

ఫ్రాంక్ విట్టిల్ జెట్ ఇంజను పేటెంటుకు దరఖాస్తు పెట్టింది 1930 జనవరిలో. ఆయన ప్రయోగ ఇంజను మొదటిసారి ఆడింది 1937 ఏప్రిల్‌లో. నడిమి ఏళ్లలో డబ్బు కొరతతోపాటు తగిన లోహం కొరతా ఆయన్ను వేధించింది. తొలి బ్లేడ్లకు దొరికిన వాటిలో మెరుగైనవి వేడి తట్టుకునే స్టెయిన్‌లెస్ ఉక్కులు. 1941 మే 15న గ్లాస్టర్ ఈ.28/39 విమానం బ్రిటన్‌లో ఎగిరే నాటికి మాండ్ నికెల్ సంస్థలో ఎల్.బి. ఫైల్ బృందం వేరే దారి పట్టింది. హీటర్లలో, ఇస్త్రీ పెట్టెల్లో ఎర్రగా కాలే తీగ నైక్రోమ్ (80 పాళ్లు నికెల్, 20 పాళ్లు క్రోమియం) అప్పటికే మూడు దశాబ్దాలుగా అందరికీ తెలిసిన లోహం. అది తుప్పు పట్టదు కానీ బరువు మోయలేదు. దానికి కొద్దిగా టైటానియం, అల్యూమినియం కలిపి, ఒక క్రమంలో వేడిచేసి చల్లారిస్తే క్రీప్‌ను ఎన్నో రెట్లు బాగా తట్టుకుంది. నిమోనిక్ 80 అలా పుట్టింది. ఆ బలం ఎక్కడి నుంచి వచ్చిందో అప్పటికి పూర్తిగా తేలలేదు. కారణమైన రేణువులు నాటి సూక్ష్మదర్శినులకు అందనంత చిన్నవి.

కూర్పే ప్రధానమనే వారికి రెండో ప్రపంచ యుద్ధం మంచి సాక్ష్యం. జర్మనీకి నికెల్, కోబాల్ట్ కరువు. మెసర్‌ష్మిట్ 262కు అమర్చిన యుంకర్స్ జ్యూమో 004 ఇంజన్లలో చివరి రకాలకు నికెల్ ఊసే లేని క్రోమియం-మాంగనీస్ ఉక్కు వాడారు. ఆ ఇంజను ఆయుర్దాయం 10 నుంచి 25 గంటలు. నిమోనిక్ బ్లేడ్లున్న బ్రిటిష్ వెల్లండ్ ఇంజను 180 గంటలకు ఒకసారి విప్పి చూస్తే సరిపోయేది. తేడా లోహంలోనే ఉందన్న మాట కాదనలేం. కానీ రెండో వైపూ చూడాలి. నాసి లోహంతో జర్మన్లు ఇంజనును ఎగరనివ్వగలిగారంటే, బ్లేడును రేకు నుంచి బోలుగా మలిచి దాని లోపలి నుంచి గాలి పారించి చల్లబరచడం వల్లే. గెలిచిన పక్షం ఆ పద్ధతిని అందిపుచ్చుకుని విరివిగా వాడటానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. దినుసు లేని చోట పనితనం ఎంత దూరం లాక్కురాగలదో జ్యూమో చూపింది. ఎక్కడ ఆగిపోతుందో కూడా చూపింది.

అమెరికాలో కథ ఇంకా విచిత్రం. బాంబర్ల టర్బోసూపర్‌చార్జర్లకు బ్లేడ్లు కావలసివచ్చినప్పుడు అక్కడి ఇంజనీర్లు దంతవైద్యం వైపు చూశారు. కట్టుడు పళ్లకు వాడే వైటాలియం అనే కోబాల్ట్-క్రోమియం-మాలిబ్డినం మిశ్రలోహం వేడినీ తుప్పునూ తట్టుకుంటుంది, కానీ దాన్ని సాగగొట్టడం, కోయడం మహా కష్టం. దంతాల పనివాళ్లకు ఆ ఇబ్బంది లేదు, వాళ్లు మైనపు నమూనా చుట్టూ అచ్చు కట్టి, మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. బ్లేడ్లనూ అలాగే పోశారు. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు మానసోల్లాసంలో విగ్రహాలకు చెప్పిన పోత, ఆదిలాబాద్ ఓజాలు డోక్రా బొమ్మలకు ఈనాటికీ వాడే పోత సారాంశంలో ఇదే. పోత లోహాన్ని ఇంజనీర్లు చాలాకాలం నమ్మలేదు. సమ్మెట దెబ్బలు తిని గట్టిపడిన లోహమే బలమైనదని వాళ్ల చదువు. ఆ నమ్మకాన్ని కాలం చెరిపేసింది, కారణం కూడా సూటిగానే ఉంది. వెయ్యి డిగ్రీల వేడిలోనూ వంగనని మొండికేసే లోహం ఫోర్జింగ్ సమ్మెట కిందా వంగదు. బలం పెరిగేకొద్దీ ఫోర్జింగ్ అసాధ్యమవుతుంది, పోత ఒక్కటే మిగులుతుంది.

బలం ఎందుకు పెరిగిందన్నది తర్వాతి ప్రశ్న. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాక నిమోనిక్ లాంటి లోహాల గుట్టు బయటపడింది. నికెల్ మూడు పాళ్లు, అల్యూమినియం ఒక పాలు ఉండే గామా ప్రైమ్ అనే సమ్మేళనం సూక్ష్మ కణాలుగా నికెల్ మాతృకలో విడివడి ఉంటుంది. ఈ కణాల స్ఫటిక అమరికకూ చుట్టూ ఉన్న నికెల్ అమరికకూ పొంతన దాదాపు పూర్తిగా కుదురుతుంది. అందుకే ఎక్కువ వేడిలోనూ అవి తేలిగ్గా పెరిగి ముద్దకట్టవు. స్ఫటికంలో జారుడును మోసుకెళ్లే రేఖాలోపాలు, అంటే డిస్‌లొకేషన్లు, ఈ కణాల్లోకి ఒంటరిగా చొరబడలేవు. ఒకటి చెదరగొట్టిన క్రమాన్ని ఇంకొకటి సర్దుతూ జంటగా రావాలి. ఇంకో వింత, మామూలు లోహాలు వేడెక్కేకొద్దీ మెత్తబడితే గామా ప్రైమ్ సుమారు 800 డిగ్రీల దాకా వేడెక్కేకొద్దీ గట్టిపడుతుంది. ప్రకృతి ఇచ్చిన ఈ కానుక లేకపోతే నేటి విమానయానమే లేదు. ఇది రసాయనం చలవే, పనితనానిది కాదని ఎవరైనా అంటే ఒప్పుకోవాలి. అయితే ఆ కానుకను ఎంత మేరకు వాడుకోగలమన్నది వేరే సంగతి.

గామా ప్రైమ్ ఎక్కువ కావాలంటే అల్యూమినియం, టైటానియం పాలు పెంచాలి. 1940లలో లోహాన్ని గాలి తగిలే కొలిమిలో కరిగించేవారు. ఈ రెండు మూలకాలకూ ఆక్సిజన్, నైట్రోజన్ అంటే విపరీతమైన ఆకలి. పాలు పెంచిన కొద్దీ అవి గాలితో కలిసి తెట్టుగా, మలినంగా మారిపోయేవి. అంటే కూర్పుకు హద్దు గీసింది కొలిమే. 1950ల తొలి ఏళ్లలో అమెరికాలోని యుటికాలో ఫలీహ్ దర్మారా బృందం గాలి లేని గదిలో విద్యుత్ ప్రేరణతో లోహాన్ని కరిగించే వాక్యూమ్ ఇండక్షన్ పద్ధతిని పారిశ్రామిక స్థాయికి తెచ్చింది. అల్యూమినియం, టైటానియం పాలు ఒక్కసారిగా పెంచడం కుదిరింది. అంతకన్నా తక్కువగా గుర్తించిన మేలు ఇంకొకటుంది. సీసం, బిస్మత్ లాంటివి పది లక్షల్లో కొన్ని పాళ్లున్నా రేణు సరిహద్దుల్లో చేరి బ్లేడును పెళుసు చేస్తాయి. శూన్యంలో అవి ఆవిరై వెళ్లిపోతాయి. కూర్పు పట్టికలో ఎక్కడా కనబడని ఈ మార్పుతో అదే పేరున్న లోహం ఆయుర్దాయం పెరిగింది.

అల్యూమినియం పెరిగితే మరో మార్పూ వచ్చింది. నైక్రోమ్ నుంచి వచ్చిన తొలి లోహాల్లో 20 శాతం క్రోమియం ఉండేది. తుప్పుకు అదే కవచం. గామా ప్రైమ్‌కు చోటివ్వడానికి క్రోమియాన్ని తగ్గించుకుంటూ వచ్చారు. సీఎంఎస్ఎక్స్-4లో 6.5 శాతమే, తర్వాత వచ్చిన లోహాల్లో 2 శాతం దాకా. ఇప్పుడు ఉపరితలాన్ని కాపాడేది అల్యూమినియం ఆక్సైడు పొర. క్రోమియం తగ్గించడానికి మూల్యం ఉంది. ఉప్పుగాలి తగిలే చోట, గంధకం ఉన్న ఇంధనం కాలే చోట సోడియం సల్ఫేటు కరిగి బ్లేడును తినేస్తుంది. ఓడల్లో, తీరప్రాంతపు విద్యుత్ కేంద్రాల్లో నడిచే టర్బైన్లు ఇప్పటికీ క్రోమియం ఎక్కువున్న పాత తరం కూర్పులనే ఇష్టపడటానికి ఇదొక కారణం. అన్ని చోట్లకూ పనికొచ్చే ఒక్క ఉత్తమ మిశ్రలోహం లేదు.

రేణు సరిహద్దులే బలహీనత అయితే వాటినే లేకుండా చేస్తే? 1960లలో ప్రాట్ అండ్ విట్నీలో ఫ్రాంక్ వర్‌స్నైడర్ బృందం ఈ ప్రశ్నకు రెండు మెట్లలో జవాబిచ్చింది. మొదట, అచ్చును అన్ని వైపుల నుంచి కాక అడుగు నుంచి మాత్రమే చల్లారుస్తూ వేడి కొలిమిలోంచి నెమ్మదిగా కిందికి దించారు. రేణువులన్నీ అడుగు నుంచి పైకి, బ్లేడు పొడవునా స్తంభాల్లా పెరిగాయి. లాగుడుకు అడ్డంగా సరిహద్దు మిగల్లేదు. తర్వాత అచ్చు అడుగున మెలికలు తిరిగిన సన్నని దారి పెట్టారు. పోటీపడి పెరిగే రేణువుల్లో ఒక్కటే ఆ మెలికల్ని దాటి పైకి చేరుతుంది. దాని నుంచి బ్లేడంతా ఒకే స్ఫటికంగా పెరుగుతుంది. ఇక్కడే ఆసక్తికరమైన మలుపు. తొలి ఏకస్ఫటిక బ్లేడ్లు స్తంభ రేణువుల బ్లేడ్ల కన్నా చెప్పుకోదగ్గంత మెరుగ్గా తేలలేదు, ఆ పని కొన్నేళ్లు మూలనపడింది. పాత కూర్పునే వాడటం దానికి కారణం. అందులో కార్బన్, బోరాన్, జిర్కోనియం ఉన్నాయి. అవి రేణు సరిహద్దుల్ని గట్టిచేయడానికి వేసినవి, సరిహద్దులే లేనప్పుడు వాటితో పనిలేదు. పైగా అవి లోహం కరగడం మొదలయ్యే వేడిని తగ్గిస్తాయి. 1970ల నడుమ మారిస్ గెల్, డేవిడ్ డూల్, ఆంథనీ జామే ఈ మూలకాలను తీసేశారు. దాంతో లోహాన్ని మరింత వేడికి తీసుకుపోయి గామా ప్రైమ్‌ను మొత్తం కరిగించి, చల్లార్చేటప్పుడు అర మైక్రాన్ ఘనాలుగా సమంగా తిరిగి ఏర్పరచడం వీలైంది. పీడబ్ల్యూఏ 1480 అనే ఆ లోహపు బ్లేడ్లు 1982లో బోయింగ్ 767 ఇంజన్లలో ప్రయాణికుల సేవలోకి వచ్చాయి.

ఈ ఘట్టం నా వాదనకు అనుకూలమా, ప్రతికూలమా అని పాఠకుడు అడగవచ్చు. పోత పద్ధతి ఒక్కటే ఉన్నంతకాలం లాభం రాలేదు, కూర్పు మారాకే వచ్చింది కదా! నిజమే. కానీ మార్పు ఏ తీరుగా వచ్చిందో గమనించాలి. కొత్త మూలకం కనిపెట్టడం వల్ల కాదు, పాత పద్ధతికి అవసరమైన మూలకాలను కొత్త పద్ధతి అనవసరం చేయడం వల్ల. టాంటలం సంగతి ఇంకా స్పష్టం. ఏకస్ఫటికం గడ్డకట్టేటప్పుడు టంగ్‌స్టన్, రీనియం లాంటి బరువైన మూలకాలు ముందుగా గడ్డకట్టి కొమ్మల్లా పెరిగే స్ఫటిక భాగాల్లోకి పోతాయి. కొమ్మల మధ్య మిగిలిన ద్రవం తేలికై పైకి చిమ్ముతుంది, ఆ దారిలో కొమ్మలు విరిగి ఫ్రెకిల్స్ అనే చిన్న రేణువుల గొలుసు ఏర్పడుతుంది. ఆ బ్లేడు పారేయాల్సిందే. టాంటలం బరువైనది, పైగా ద్రవంలోనే మిగిలిపోతుంది. మిగిలిన ద్రవాన్ని బరువెక్కించి చిమ్మకుండా ఆపుతుంది. గామా ప్రైమ్‌ను బలపరచడంతోపాటు పోత సాఫీగా సాగడం కోసమూ అది కూర్పులో ఉంది. కూర్పు పట్టికను ఇలా చదివితే అందులో సగం అంకెలు పోతశాల అవసరాలే.

కూర్పు వాదానికి బలమైన ఆధారం రీనియం. 1925లో జర్మన్లు నొడాక్, టాకె, బెర్గ్ గుర్తించిన ఈ మూలకం భూపటలంలో అతి అరుదు. రాగి గనుల్లో దొరికే మాలిబ్డినైట్‌ను కాల్చేటప్పుడు వచ్చే పొగ నుంచి పట్టుకుంటారు, చిలీ ప్రధాన వనరు. 3 శాతం కలిపితే రెండో తరం, 6 శాతం దాకా కలిపితే మూడో తరం. తరానికి సుమారు 30 డిగ్రీల లాభం. పరమాణువులు వలసపోవడాన్ని రీనియం బాగా నెమ్మదింపజేస్తుంది. అది చిన్న గుంపులుగా చేరి అడ్డుకుంటుందని చాలాకాలం నమ్మారు. పరమాణువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే పరికరాలు వచ్చాక ఆ గుంపులు కనబడలేదు. ఈ లాభం నిస్సందేహంగా మూలకానిదే. కానీ దానికి పరిమితులూ త్వరగానే బయటపడ్డాయి. ఎక్కువైతే టీసీపీ అనే పెళుసు దశలు పుట్టి, బలమిచ్చే మూలకాలనే మింగేస్తాయి. 1960లలో ఐఎన్-100 లోహంలో సిగ్మా దశ రూపంలో ఈ ప్రమాదం ఎదురయ్యాకే కూర్పును ముందుగా లెక్కగట్టి చూసే ఫాకాంప్ పద్ధతి వచ్చింది. ప్రపంచం మొత్తం మీద ఏటా దొరికే రీనియం పదుల టన్నుల్లోనే. 2008లో కిలో ధర పదివేల డాలర్లు దాటింది. ఆ ఏళ్లలో జనరల్ ఎలక్ట్రిక్ చేసిన పని గమనించదగ్గది: పాత బ్లేడ్ల నుంచి రీనియాన్ని తిరిగి రాబట్టడం మొదలుపెట్టింది, 3 శాతం ఉన్న రెనే ఎన్5 స్థానంలో 1.5 శాతంతోనే సరిపెట్టే రెనే ఎన్515 తయారుచేసింది. నాలుగో తరానికి రుథీనియం చేర్చారు, జపాన్ జాతీయ పదార్థ శాస్త్ర సంస్థ ఈ దారిలో ఇంకా ముందుకు వెళ్లింది. ధర, సాంద్రత రెండూ పెరగడంతో ఇంజన్ల తయారీదారులు ఎక్కువగా రెండో తరం దగ్గరే ఆగిపోయారు. మూలకాలు చేర్చుకుంటూ పోయే దారి ఎక్కడ నిండుకుంటుందో ఇక్కడ కనిపిస్తుంది.

ఇంకో అభ్యంతరం: మిశ్రలోహం తనంతట తాను తట్టుకునే వేడి 1940ల నుంచి నేటికి మూడు వందల డిగ్రీలే పెరిగిందనుకుంటే, వాయువు వేడి అంతకు రెట్టింపు పైగా పెరిగింది, ఆ తేడా అంతా శీతలీకరణదీ పూతలదీ అయినప్పుడు మిశ్రలోహాన్ని ఎందుకు పొగడాలి? లెక్క నిజమే. కానీ బ్లేడు లోపల మెలికలు తిరిగే గాలిదారులు పోత ఇచ్చినవే: సిలికాతో చేసిన సన్నని కోరును అచ్చులో నిలబెట్టి, చుట్టూ లోహం పోసి, తర్వాత క్షారంతో ఆ కోరును కరిగించి తీసేస్తారు. పైన పూసే యిట్రియా-జిర్కోనియా పింగాణీ పొర మిల్లీమీటరులో కొద్ది భాగమే. లోహం వేడిని నూరు డిగ్రీలకు పైగా తగ్గిస్తుంది. ఆ పొర ఊడిపోకుండా ఉండేది దాని కింద పెరిగే అల్యూమినియం ఆక్సైడు అంటిపెట్టుకున్నంతకాలమే. ఆ అతుకును తెంపే శత్రువు గంధకం. నాసా పరిశోధకులు మిగతా కూర్పంతా అలాగే ఉంచి, హైడ్రోజన్‌లో కాచి, గంధకాన్ని పది లక్షల్లో పది పాళ్ల స్థాయి నుంచి ఒక పాలు లోపుకు తగ్గిస్తే ఊడిపోయే పొర గట్టిగా అతుక్కుంది. పట్టికలో రాయడానికే వీల్లేనంత చిన్న తేడా ఇది.

బ్లేడ్లు తగిలించే డిస్కు కథ వేరు. అది బ్లేడంత వేడెక్కదు, కానీ పగిలితే ముక్కల్ని ఇంజను తొడుగు ఆపలేదు. హెర్బర్ట్ ఐసెల్‌స్టైన్ 1960 ప్రాంతంలో రూపొందించిన ఇన్‌కొనెల్ 718 నియోబియం ఆధారంగా గట్టిపడుతుంది, వెల్డింగుకు లొంగుతుంది, 650 డిగ్రీల దాకా నమ్మకంగా పనిచేస్తుంది. దాన్ని మించిన వేడికి లోహాన్ని పొడిగా చేసి అదిమి డిస్కులు చేస్తారు, ఎందుకంటే పెద్ద దిమ్మగా పోస్తే మూలకాలు విడిపోతాయి. పొడిలో మలినం చేరితే ఏమవుతుందో 2023 జులైలో తేలింది: 2015 చివరి నుంచి 2021 దాకా వాడిన పొడిలో కల్మషం వల్ల ప్రాట్ అండ్ విట్నీ గేర్డ్ టర్బోఫ్యాన్ డిస్కులు ముందుగానే పగిలే ప్రమాదముందని వెల్లడై, వందల ఇంజన్లను రెక్కల మీంచి దించి పరీక్షించాల్సి వచ్చింది. ఇండిగో విమానాలు పదుల సంఖ్యలో నేల మీద ఉండిపోయాయి. కూర్పులో ఎవరూ తప్పు పట్టలేదు.

ఈ నేపథ్యంలో హైదరాబాద్‌ను చూడాలి. కంచన్‌బాగ్‌లో రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల (డీఎంఆర్‌ఎల్), దాని పక్కనే 1973లో స్థాపించిన మిశ్ర ధాతు నిగమ్ (మిధాని) దశాబ్దాలుగా ఈ పనిలో ఉన్నాయి. మిధాని అమ్మే సూపర్‌నీ 718, సూపర్‌నీ 80ఏ పేర్లలో ఇన్‌కొనెల్, నిమోనిక్ వంశాలు తెలిసిపోతాయి. శూన్య కొలిములు ఉన్నాయి, కూర్పులు తెలుసు. అయినా తేజస్ యుద్ధ విమానం కోసం 1989లో మంజూరైన కావేరి ఇంజను దానికి అందకుండానే 2008లో ఆ రెండింటినీ విడదీశారు. బ్లేడు లోహం ఒక్కటే అందుకు కారణమనడం అన్యాయం. ఒత్తిడి, బరువు, పరీక్షా సౌకర్యాల కొరత అన్నీ ఉన్నాయి. కానీ డీఎంఆర్‌ఎల్ 2021 ఏప్రిల్‌లో ప్రకటించిన విజయం స్వరూపం చూడండి. హెలికాప్టర్ ఇంజను కోసం 300 ఏకస్ఫటిక బ్లేడ్లు తయారుచేసే కార్యక్రమంలో తొలి 60 హిందుస్తాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్)కు అందించారు. లోహం కొత్తది కాదు, సీఎంఎస్ఎక్స్-4. డీఎంఆర్‌ఎల్ తనంతట తాను సాధించాల్సి వచ్చింది 1,500 డిగ్రీలకు పైబడిన ద్రవలోహాన్ని పగలకుండా పట్టి ఉంచే పింగాణీ అచ్చు, కోరు, పోత వేగాలు, పలు అంచెల ఉష్ణ సంస్కారం, స్ఫటిక దిశను సరిచూసే పరీక్ష. వీటిలో ఏదీ పేటెంటు పత్రంలో పూర్తిగా దొరకదు. ప్రతి అచ్చు మట్టి గుణానికీ, ప్రతి కొలిమి ఉష్ణ ప్రవణతకూ తగ్గట్టు ఎక్కడికక్కడ తేల్చుకోవాల్సిందే. ఇంజను సంస్థలు సాంకేతిక బదిలీ ఒప్పందాల్లో చివరిదాకా పట్టుకుని వదలనిది కూడా ఈ వేడి భాగపు పోతశాల మెళకువలనే.

లోహాల కాలం చెల్లింది, ఇక పింగాణీలదే అనే వాదన ప్రతి తరంలోనూ వినబడుతుంది. దానికి ఆధారం లేకపోలేదు. సిలికాన్ కార్బైడు నారలను సిలికాన్ కార్బైడులోనే పొదిగిన మిశ్రమం 2016లో సేవలోకి వచ్చిన లీప్ ఇంజనులో టర్బైన్ చుట్టూ కదలకుండా ఉండే తొడుగు ముక్కలుగా నిలబడింది. టైటానియం అల్యూమినైడు జీఈఎన్‌ఎక్స్ ఇంజను వెనక భాగపు, వేడి తక్కువైన బ్లేడ్లను గెలుచుకుంది. దాని సాంద్రత నికెల్ లోహాల్లో సగమే. కానీ ముందు వరుసలో తిరిగే బ్లేడు సంగతి వేరు. పింగాణీ పగిలే ముందు హెచ్చరించదు. దహనంలో పుట్టే నీటి ఆవిరి సిలికా పొరను ఆవిరిచేసి తినేస్తుంది, కాబట్టి దానికీ పూత కావాలి. మాలిబ్డినం, నియోబియం లాంటి లోహాలు ఎక్కువ వేడికి కరుగుతాయి సరే, కానీ వేడి గాలిలో అవి కాలిపోతాయి. 2006లో జపాన్‌లోని తోహోకు పరిశోధకులు కోబాల్ట్‌లోనూ గామా ప్రైమ్ లాంటి దశను చూపారు. దానితో ఇంజనుకు పనికొచ్చే బ్లేడు ఇంకా రాలేదు. నికెల్ మిశ్రలోహానిది ఏ ఒక్క గుణంలోనూ ప్రథమ స్థానం కాదు. అన్ని గుణాల్లోనూ ఎక్కడా తప్పకపోవడం దాని బలం, ఆ సమతూకాన్ని ఒక్క పదార్థంలో తేవడం పోటీదారులకు కష్టమవుతోంది.

ప్రస్తుతం పద్ధతి మళ్లీ మారుతోంది. పొడిని లేజరుతో పొరపొరగా కరిగించి భాగాన్ని ముద్రించే విధానంలో గామా ప్రైమ్ ఎక్కువున్న పాత కూర్పులు నిలువునా పగులుతాయి; అవి అచ్చులో నెమ్మదిగా గడ్డకట్టడానికి తీర్చిదిద్దినవి మరి. అందుకని పగలని కూర్పులను కంప్యూటరు లెక్కలతో ముద్రణ కోసమే వెతుకుతున్నారు. ఎర్లాంగెన్ పరిశోధకులు మరో వైపు నుంచి వచ్చారు. కూర్పును ముట్టుకోకుండా, లేజరుకు బదులు ఎలక్ట్రాన్ పుంజంతో, పడకను వెయ్యి డిగ్రీల చుట్టుపక్కల వేడిగా ఉంచి, సీఎంఎస్ఎక్స్-4 పొడినే ఏకస్ఫటికంగా పెంచి చూపారు. మెలికల దారి లేదు, అచ్చు లేదు. కొమ్మలు పోతలోకన్నా ఎన్నో రెట్లు సన్నగా పెరగడంతో మూలకాలు ఎక్కువ దూరం విడిపోవు. వాటిని తిరిగి కలపడానికి పోత బ్లేడును గంటల తరబడి కాచాల్సి ఉంటే, ఇక్కడ అందులో చిన్న భాగం సరిపోతుంది.